చలికాలం సిగ్నేచర్ బొమ్మ: మంచు ఉప్పు చల్లినట్టు కనిపిస్తోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మెయిళ్ల కింద, పోస్టుల కింద పెట్టుకోవడానికి 600 × 150 పిక్సెళ్ల సిగ్నేచర్ పట్టీ ఒకటి జింప్‌లో (బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) చేస్తున్నారు. డిసెంబర్ నుంచి సంక్రాంతి దాకా వాడాలని ఉంది. తెలుగులో మీ పేరు, వెనక వరంగల్ కోట తోరణం, పైనుంచి కురిసే మంచు. వీడియోలు చూసి చేస్తే మంచు ఉప్పు చల్లినట్టు వచ్చింది, పేరు చదవడానికి రావట్లేదు, కదిలే బొమ్మగా సేవ్ చేస్తే ఫైలు 2 ఎంబీ దాటింది. ఫొటోషాప్ కొంటే బాగుపడుతుందా అని చివర్లో అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఫొటోషాప్ అవసరం లేదు, జింప్ చాలు. మీరు పని చేసే వరసను తిరగేయండి. మీరు మంచుతో మొదలుపెట్టి చివర్లో పేరు ఇరికించారు. పేరు ముందు, రంగు తర్వాత, పొగమంచు ఆ తర్వాత, కురిసే మంచు అన్నిటికన్నా చివర, అదీ కొంచెమే. చలిని చూపించేది రంగూ వెలుతురూ. చుక్కలు ఎన్ని చల్లినా ఆ పని చేయలేవు.

హన్మకొండలో డిజైన్, ప్రింటింగ్ పని చేస్తాను. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలే ఎక్కువ. డిసెంబర్ వచ్చిందంటే మాత్రం ఇలాంటి చిన్న పట్టీలు, గ్రీటింగులు అడిగేవాళ్లు పెరుగుతారు. అందులో తేలిన విషయాలే రాస్తున్నాను.

పేరు

150 పిక్సెళ్ల ఎత్తులో తెలుగు రాయడం ఇంగ్లిష్ రాసినంత తేలిక కాదు. పైన గుడి, ఎత్వం, కింద ఒత్తు, అన్నిటికీ చోటు కావాలి. పేరులో ఒత్తులుంటే అసలు అక్షరానికి మిగిలే ఎత్తు సగమే. అందుకే సన్న ఫాంట్లు వద్దు. రామభద్ర, రవిప్రకాశ్ లాంటి లావు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఓపెన్ లైసెన్స్ కాబట్టి ఎక్కడైనా వాడుకోవచ్చు. మండలి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఇంత చిన్న పట్టీలో మంచు వెనక కరిగిపోతుంది. పేరు కింద ఊరో ఉద్యోగమో చిన్నగా రాయాలంటే దానికి వాడుకోండి.

జింప్‌లో యూనికోడ్ తెలుగు (మనం ఫోన్లో టైప్ చేసేది) నేరుగా టైప్ చేయొచ్చు, అక్షరాలు విడిపోవు. మన దగ్గర ప్రింటింగ్ షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పని ఎక్కువ. అక్కడ టైప్ చేయించి ఆ మ్యాటర్ తెచ్చి యూనికోడ్ ఫాంట్‌లో పేస్ట్ చేస్తే చెత్త అక్షరాలే వస్తాయి. మీ పేరు మీరే ఫోన్లో టైప్ చేసి పంపుకుని పేస్ట్ చేసుకోండి. రేపు ఎప్పుడైనా ఫొటోషాప్‌లో చేస్తే, ఒత్తులు పక్కకు జరిగి కనిపిస్తే కంగారు పడొద్దు. పాత వెర్షన్లలో అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ పెడితే సర్దుకుంటుంది.

ఇంకో మాట. పట్టీని 1200 × 300లో తయారు చేసి, చివర్లో 600 × 150కి తగ్గించండి. అక్షరాల అంచులు నున్నగా వస్తాయి. పెద్ద ఫైలు మీ దగ్గర దాచుకోవచ్చు. ఇక నుంచి నేను చెప్పే పిక్సెల్ కొలతలన్నీ 600 × 150 లెక్కలో ఉంటాయి. పెద్ద సైజులో చేసేటప్పుడు రెట్టింపు చేసుకోండి.

రంగు

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. మంచు తెల్లగా ఉంటుంది కదా అని అచ్చ తెలుపు, అంటే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) అంకెల్లో 255, 255, 255 పోస్తారు. మంచు ఫొటోలు జాగ్రత్తగా చూడండి. నీడలో ఉన్న మంచు నీలంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడికి ఎండ రాదు, ఆకాశం వెలుగు మాత్రమే వస్తుంది. ఎండ తగిలే అంచు కొంచెం పసుపు. ఆ తేడా వల్లే కంటికి చలి అనిపిస్తుంది.

నేను ఎక్కువగా వాడే లెక్క ఇది, ఆర్‌జీబీ అంకెల్లో: పట్టీ పైభాగం ముదురు నీలం 24, 44, 74. కిందికి వచ్చేసరికి 150, 175, 200. ఈ రెంటి మధ్య గ్రేడియంట్, అంటే ఒక రంగు మెల్లగా ఇంకోదానిలోకి మారడం. మంచు చుక్కలకు 235, 242, 250. అచ్చ తెలుపును ఒక్క పేరు కోసమే ఉంచుకోండి. అప్పుడు మంచు మధ్యలో కూడా పేరే ముందుకొస్తుంది. ఒక మూల చిన్నగా వెచ్చటి రంగు, భోగిమంట నారింజ లాంటిది, 230, 140, 60, పడితే చుట్టూ ఉన్న నీలం ఇంకా చల్లగా కనిపిస్తుంది. అది దీపం కావచ్చు, కిటికీ కావచ్చు. వేలి గోరంత చాలు.

తోరణం మీద మంచు కురవాలా?

ఇది మీ ఇష్టం, కానీ నా అభిప్రాయం చెప్పేస్తాను. కాకతీయ తోరణం మీద హిమపాతం చూపిస్తే అది ఎవరికైనా అతికించినట్టే కనిపిస్తుంది. వరంగల్‌లో మంచు కురవదని చూసే ప్రతివాడికీ తెలుసు. మన చలికాలం వేరు. తెల్లారుజామున భద్రకాళి చెరువు మీద లేచే పొగమంచు, అవతలి గట్టు కనిపించకపోవడం, సూర్యుడు పాలిపోయి రావడం. ఆదిలాబాద్ వైపు ఇగం ఇంకా ఎక్కువ, రాత్రి ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది. అయినా అక్కడా కురిసే మంచు లేదు, పొగమంచే. తోరణం పెడితే పొగమంచు పెట్టండి. కురిసే మంచే కావాలంటే తోరణం తీసేసి చెట్లో కొండలో పెట్టండి.

రెండూ కావాలని పట్టుబట్టేవాళ్లూ ఉంటారు. కాజీపేట నుంచి వెళ్లి అమెరికాలో ఉంటున్న ఒకాయన ఇలాగే అడిగాడు. ఆయన ఇంటి ముందు మంచు పడ్డప్పుడు తీసిన ఫొటో పంపమన్నాను. దాన్నే వెనక పెట్టి, తోరణాన్ని ఒక మూల లేత గీతల బొమ్మగా, ముద్ర వేసినట్టు పెట్టాను. తోరణం ఆ మంచులో నిలబడి ఉన్నట్టు కాకుండా, అది ఆయన ఊరి గుర్తుగా అర్థమైంది. మీకూ రెండూ కావాలంటే ఆ దారి ఉంది. ఫొటో మాత్రం మీరు తీసుకున్నదే వాడండి. నెట్‌లో కనిపించిన తోరణం ఫొటో ఎవరిదో అయి ఉంటుంది.

పొగమంచు చేయడం ఇలా. తోరణం ఫొటోను కత్తిరించి, దాని రంగు తగ్గించి, లెవెల్స్‌లో కింది వరసలో ఉన్న అవుట్‌పుట్ నలుపును పైకి జరపండి. దూరంగా ఉన్న దేనికీ పూర్తి నలుపు ఉండదు. ఎంత దూరమైతే అంత పాలిపోయి, వెనక ఆకాశం రంగులో కలుస్తుంది. దీని పైన కొత్త లేయర్‌లో (పొరలో) మెనూ నుంచి వరసగా ఫిల్టర్స్, రెండర్, నాయిస్, సాలిడ్ నాయిస్ ఎంచుకోండి. వచ్చిన మబ్బుల ఆకారాన్ని స్కేల్ టూల్‌తో అడ్డంగా మూడు నాలుగు రెట్లు సాగదీయండి. పొగమంచు నేల మీద పొరలుగా పరుచుకుంటుంది, ఆకాశంలో మబ్బులా ఉండదు, అందుకే సాగదీయడం. లేయర్ మోడ్ స్క్రీన్, ఒపాసిటీ 40 నుంచి 60 శాతం. లేయర్ మాస్క్‌లో గ్రేడియంట్ వేసి పైభాగం మాయం చేయండి. తోరణం కాళ్లు మంచులో మునిగి, పైన అడ్డంగా ఉన్న దూలం తేలి కనిపించాలి. ఆ ఆకారం తెలంగాణ రాజముద్రలో ఉన్నదే కాబట్టి పై సగం కనిపించినా అందరూ గుర్తుపడతారు.

కురిసే మంచు ఉప్పులా ఎందుకు వచ్చింది

మీరు పంపిన బొమ్మలో చుక్కలన్నీ ఒకే సైజు, ఒకే తెలుపు, ఒకే ఎడం. పైగా అన్నీ అక్షరాల ముందే ఉన్నాయి. నిజంగా మంచు పడేటప్పుడు దూరంగా ఉన్నవి చిన్నగా, చాలా ఎక్కువగా, మసకగా ఉంటాయి. దగ్గరవి పెద్దవిగా, చాలా తక్కువగా, కెమెరా ఫోకస్‌లో లేక చెదిరినట్టు ఉంటాయి. అందుకని మూడు లేయర్లు కావాలి, ఒకటి కాదు.

దూరపు పొర: కొత్త లేయర్‌ను నలుపుతో నింపండి. ఫిల్టర్స్, నాయిస్, ఆర్‌జీబీ నాయిస్. అందులో ఇండిపెండెంట్ ఆర్‌జీబీ టిక్ తీసేయండి, లేకపోతే రంగురంగుల చుక్కలు వస్తాయి. కోరిలేటెడ్ నాయిస్ టిక్ కూడా ఉండకూడదు. అది ఉంటే నాయిస్ కింది రంగుతో గుణించి పడుతుంది, నలుపు మీద ఏమీ రాదు, సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుంటారు. తర్వాత గాసియన్ బ్లర్ (చుక్కల్ని కాస్త మసకబార్చేది) 1 దగ్గర. ఆ తర్వాత లెవెల్స్‌లో ఈసారి పై వరసలోని నలుపు బాణాన్ని కుడికి జరుపుతూ పోండి, చుక్కలు పల్చబడతాయి. లేయర్ మోడ్ స్క్రీన్ పెడితే నలుపు మాయమై చుక్కలే మిగులుతాయి. ఒపాసిటీ 40. ఈ పొర తోరణానికో చెట్లకో వెనక ఉండాలి.

మధ్య పొర: అదే పద్ధతి, కాకపోతే నాయిస్ వేశాక లేయర్‌ను రెట్టింపు సైజుకు పెంచి, పట్టీ బయటికి పోయిన భాగం కత్తిరించండి, చుక్కలు వాటంతట అవే పెద్దవవుతాయి. లెవెల్స్ ఇంకా గట్టిగా బిగించండి. ఇది పేరుకు వెనక.

దగ్గరి పొర: నాయిస్‌తో చేయొద్దు. మెత్తటి బ్రష్‌తో చేత్తోనే, 8 నుంచి 14 పిక్సెళ్ల సైజులో, పది లోపు చుక్కలు. అక్షరాల మీద ఒక్కటీ పడకుండా మీరే చూసి పెట్టండి. చేత్తో పెట్టమనేది అందుకే. ఆపైన మూడు పొరలకూ ఒకే కోణంలో కొంచెం మోషన్ బ్లర్. ఒక్కో పొర ఒక్కో దిక్కుకు పడుతుంటే గాలి ఎటు వీస్తుందో తెలియక చూసేవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది.

ఇంత చేశాక బొమ్మను ఫోన్లో తెరిచి చేయి చాచి దూరంగా పట్టుకుని చూడండి. పేరు వెంటనే చదవగలిగితే సరే. లేకపోతే మధ్య పొరలో సగం చెరిపేయండి. మొహమాటం వద్దు.

అక్షరాల మీద పేరుకున్న మంచు

ఇది మీరు అడగలేదు గానీ నాకు ఇష్టమైన భాగం. తెలుగు అక్షరానికి ఇది కుదిరినట్టు ఇంగ్లిష్‌కు కుదరదు. తలకట్టు మీద మంచు చక్కగా కూర్చుంటుంది.

టెక్స్ట్ లేయర్ మీద రైట్ క్లిక్, ఆల్ఫా టు సెలెక్షన్. పైన కొత్త ట్రాన్స్‌పరెంట్ లేయర్ తీసుకుని సెలెక్షన్‌ను లేత నీలం కలిసిన తెలుపుతో నింపండి. పేరును తెలుపులో ఉంచితే ఈ మంచు దానిలో కలిసిపోతుంది, కాబట్టి ఈ పద్ధతి వాడేటప్పుడు పేరుకు ముదురు నీలమో నారింజో ఇచ్చి, వెనక భాగాన్ని లేతగా మార్చుకోవాలి. ఇప్పుడు మూవ్ టూల్ ఆప్షన్లలో సెలెక్షన్‌ను ఎంచుకుని, కింది బాణం 4 సార్లు నొక్కండి. కదిలేది సెలెక్షన్ గీత ఒక్కటే. డిలీట్ కొట్టండి. ప్రతి గీతకూ పై అంచున 4 పిక్సెళ్ల మందంలో మంచు మిగులుతుంది.

అక్షరం లోపలి గుండ్రాల అడుగున కూడా మంచు చేరి ఉంటుంది. నిజానికి మంచు అక్కడా నిలుస్తుంది, తప్పేం కాదు. కానీ ఇంత చిన్న అక్షరంలో లోపలి ఖాళీ మూసుకుపోతుంది కాబట్టి వాటిని ఎరేజర్‌తో తీసేసి పైవే ఉంచండి. తర్వాత చిన్న బ్రష్‌తో అక్కడక్కడ ఉబ్బులు పెట్టండి, మందం సమానంగా ఉంటే గీత గీసినట్టుంటుంది. మరీ మందంగా పోస్తే గుడి, గుడిదీర్ఘం ఒకటే అయిపోతాయి, చూసుకోండి.

అక్షరాల కింద వేలాడే మంచు సూదులు చేసే పద్ధతి కూడా వీడియోల్లో కనిపిస్తుంది. బొమ్మను నిలువుగా తిప్పి విండ్ ఫిల్టర్ వేసి, మళ్లీ మామూలుగా తిప్పేయడం. ఇంగ్లిష్ అక్షరాలకు బాగుంటుంది. తెలుగు పేర్లకు వద్దు. ‘ద’ కింద ఒక సూది వేలాడితే అది ‘ధ’. ‘ప’ కింద వేలాడితే ‘ఫ’. ‘డ’ కాస్తా ‘ఢ’ అవుతుంది. పద్మ అనే పేరు ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మంచు పువ్వు గీయాలంటే

మూలన అలంకారంగా ఒక మంచు పువ్వు పెట్టుకునేవాళ్లున్నారు. దానికి ఆరు కొమ్మలే ఉండాలి. మంచుగడ్డలో నీటి అణువులు షడ్భుజాకారంలో పేర్చుకుంటాయి కాబట్టి స్ఫటికం కూడా అలాగే పెరుగుతుంది. ఎనిమిది కొమ్మలవి నెట్‌లో బోలెడు దొరుకుతాయి, అవి చూడ్డానికి నక్షత్రాలే తప్ప మంచు పువ్వులు కావు.

దీనికి సాఫ్ట్‌వేర్ కన్నా ఇంట్లో ముగ్గు వేసేవాళ్లే బాగా పనికొస్తారు. 7 చుక్కలు, 4 వచ్చే వరకు, సందు చుక్క. వరసలు 4, 5, 6, 7, 6, 5, 4. అది అచ్చంగా షడ్భుజమే. నడి చుక్క నుంచి ఆరు మూలలకు గీతలు లాగి, ఒక్కో గీతకు రెండు వైపులా పక్క చుక్కలకు చిన్న కొమ్మలు వేస్తే మంచు పువ్వు తయారు. కాగితం మీద వేసి ఫోన్‌తో ఫొటో తీసి జింప్‌లోకి తెచ్చుకోవచ్చు. కంప్యూటర్లోనే గీసేవాళ్లు ఒక కొమ్మ గీసి, లేయర్ కాపీ చేసుకుంటూ 60 డిగ్రీల చొప్పున తిప్పితే సరి. ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గుకు, దీనికి చుట్టరికం ఉంది కాబట్టి సంక్రాంతి దాకా పట్టీ మార్చాల్సిన పని కూడా ఉండదు.

కదలాలా, వద్దా

నన్నడిగితే వద్దు. మెయిల్ కింద ప్రతిసారీ ఏదో కదులుతుంటే చదివేవాళ్లకు చికాకు. అయినా మీకు కావాలి కాబట్టి చెబుతాను.

మీ ఫైలు 2 ఎంబీ కావడానికి కారణం ఉంది. జిఫ్‌లో (కదిలే బొమ్మ సేవ్ అయ్యే ఫైలు రకం) 256 రంగులకు మించి ఉండవు. గ్రేడియంట్‌ను అందులో ఇరికించడానికి డిథరింగ్ అని చుక్కలు కలుపుతుంది. జిఫ్ కంప్రెషన్ నడిచేదేమో ఒకే వరస మళ్లీ మళ్లీ రావడం మీద. డిథరింగ్ చుక్కలు, మంచు చుక్కలు రెండూ అడ్డదిడ్డంగా ఉండేసరికి తగ్గించడానికి ఏమీ దొరకదు. అందుకని కదిలే బొమ్మకు గ్రేడియంట్ తీసేసి రెండు మూడు సాదా రంగులు పెట్టండి. దూరపు మంచు పొరను కదపకండి. ఇమేజ్, మోడ్, ఇండెక్స్‌డ్‌లో రంగులు 32కి తగ్గించి, డిథరింగ్ ఆపేయండి. ఫిల్టర్స్, యానిమేషన్‌లో ఆప్టిమైజ్ ఫర్ జిఫ్ కూడా నడపండి, మారిన భాగాన్నే దాచుకుంటుంది.

అతుకు తెలియకుండా తిరగాలంటే లెక్క సులువు. పట్టీ ఎత్తు 150. మధ్య పొరను ప్రతి ఫ్రేమ్‌కూ 10 పిక్సెళ్లు, దగ్గరి పొరను 20 పిక్సెళ్లు కిందికి జరపండి. లేయర్, ట్రాన్స్‌ఫార్మ్, ఆఫ్‌సెట్‌లో ర్యాప్ అరౌండ్ ఉంచితే కింద పోయింది పైన వస్తుంది. 15 ఫ్రేములకు మధ్య పొర ఒక చుట్టు, దగ్గరి పొర సరిగ్గా రెండు చుట్లు తిరిగి మొదటి చోటికే వస్తాయి. దగ్గరివి వేగంగా పడుతున్నట్టు కూడా కనిపిస్తుంది. ప్రతిసారీ జరిపాక న్యూ ఫ్రమ్ విజిబుల్ కొట్టి ఆ ఫ్రేమ్‌ను పక్కన పెట్టుకోండి. పదిహేనూ అయ్యాక అసలు పొరలు తీసేసి, ఫ్రేముకు 120 మిల్లీసెకన్లు పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఈ పని 600 × 150 కాపీ మీదే చేయాలి, పెద్ద ఫైలు మీద కాదు. మొదలుపెట్టే ముందు పొరను ఎత్తులో సగానికి, అంటే 75 పిక్సెళ్లు ఆఫ్‌సెట్ చేసి, నడిమధ్యలో అడ్డగీత ఏమైనా కనిపిస్తే బ్రష్‌తో సరిచేసుకోండి.

మొదటి ఫ్రేమ్‌లోనే అన్నీ ఉండాలి. కొన్ని పాత డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రాములు జిఫ్‌లో మొదటి ఫ్రేమ్ మాత్రమే చూపిస్తాయి. ఇక్కడి ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఎక్కడో చేయించుకున్న గ్రీటింగ్‌లో అక్షరాలు ఒక్కొక్కటే వచ్చేవి. తీరా చూస్తే కొందరు తల్లిదండ్రులకు ఖాళీ నీలం పట్టీ మాత్రమే వెళ్లింది. పేరు పూర్తిగా ఉన్న ఫ్రేమ్‌ను మొదటికి జరిపితే సమస్య తీరింది.

కదలని బొమ్మ అయితే పీఎన్‌జీ. 100 కేబీ లోపు ఉండేలా చూడండి. ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టొద్దు. ఫోన్లో డార్క్ మోడ్ పెట్టుకున్నవాళ్లకు ముదురు నీలం అక్షరాలు కనిపించవు, తెల్ల తెరల మీద తెల్ల మంచు కనిపించదు. పట్టీకి దాని రంగు దానికుంటే రెండు బాధలూ లేవు.

ఇదే బొమ్మ కాఫీ కప్పు మీద ప్రింట్ వేయించొచ్చా అని కూడా అడిగారు. 600 పిక్సెళ్ల బొమ్మ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రెండు అంగుళాల వెడల్పే వస్తుంది, కప్పుకు చాలదు. మీ 1200 పిక్సెళ్ల ఫైలైతే నాలుగు అంగుళాలు, ఫరవాలేదు. ఎక్స్‌సీఎఫ్ ఫైలు (పొరలు విడివిడిగా ఉండే జింప్ సొంత ఫైలు) దాచుకుంటే చాలు, ప్రింట్‌కు ఇచ్చేటప్పుడు కురిసే మంచు పొరలు ఆపేసి ఇవ్వండి. కప్పు మీద ఆ చిన్న చుక్కలు ప్రింట్ సరిగా పడని మచ్చల్లా కనిపిస్తాయి.